తుప్పు పట్టిన బస్సు బ్రేకులు – ఒక పాఠం



మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి వాళ్ళం మేమే. ఇప్పుడు రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాము. అయినా తుప్పు గురించి మాకు బాగా అర్థమైన పాఠం ఎర్రగుంట్లలో మా నాన్న హెల్పరుగా పనిచేసే మెకానిక్ షెడ్డులో దొరికింది. అదే మీకు చెబుతాము.

పదో తరగతిలో "ఇనుము తుప్పు పట్టుటకు కావలసినవి ఏవి?" అని అడిగితే "గాలి, తేమ" అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాము. ఆ గాలి, తేమ కలిసి ఒక బస్సును ఏం చేయగలవో తర్వాత చూశాము.

బస్సు షెడ్డుకు వచ్చిన రోజు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడ్డాయి. చుట్టుపక్కల పల్లెల పిల్లలను తెచ్చే ఒక ప్రైవేటు బడి బస్సు కూడా నిలిపిన చోటనే ఉండిపోయింది. అప్పటికే దాని వయసు పదమూడేళ్ళు. ఎండలు పోయి వానలు వచ్చాయి. నవంబరు చివర్లో నివర్ తుపాను వాన కూడా దాని మీదనే కురిసింది. 2021 మొదట్లో ఒక్కో తరగతికీ బడులు తెరుస్తున్నప్పుడు బస్సును కదిలించబోతే వెనక చక్రాలు తిరగలేదు. ఇంజను బలంతో గుంజితే టక్కుమని శబ్దం వచ్చి కదిలింది. అట్లాగే నెమ్మదిగా షెడ్డుకు తోలుకొచ్చారు.

బడి తరఫున వచ్చినాయన, "రేపు పొద్దున్నే బండి కావాల మేస్త్రీ. ముందర బ్రేకులు పడతానే ఉండాయి కదా. వెనకవి కొంచెం టైటు చేసి పంపియ్" అన్నాడు.

"టైటు చేస్తే గాలి చప్పుడు బాగానే వస్తాది సార్. బండే నిలబడదు. నాలుగు పక్కలా విప్పి చూడాల్సిందే" అన్నాడు మేస్త్రీ.

మేస్త్రీ చదివింది ఐదో తరగతి. ఆయన మాటలో శాస్త్రం ఎంత ఉందో చూద్దాం.

బ్రేకు ఎలా పనిచేస్తుంది?

పెద్ద బస్సుల్లో ఉండేవి ఎక్కువగా గాలి బ్రేకులు. రైళ్ళ కోసం జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో వీటికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజనుతో తిరిగే కంప్రెసర్ గాలిని ట్యాంకులో నింపుతుంది. డ్రైవరు పెడల్ తొక్కితే ఆ గాలి చక్రం దగ్గరి బ్రేక్ చాంబర్‌లోకి పోయి లోపలి రబ్బరు డయాఫ్రంను తోస్తుంది. డయాఫ్రం వైశాల్యం 30 చదరపు అంగుళాలు, అంటే సుమారు 193 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి ఉంటే మొత్తం బలం దాదాపు 1,160 కిలోలు. ఈ బలం స్లాక్ అడ్జస్టర్ అనే చేతిని తిప్పుతుంది. దానితో ఎస్ ఆకారంలో ఉన్న క్యామ్ తిరిగి రెండు బ్రేక్ షూలను విడదీస్తుంది. షూల మీది లైనర్లు తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. బండి నిలుస్తుంది.

బండి వేగం ఎక్కడికి పోయింది? వేడిగా మారింది. 12 టన్నుల బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి దాదాపు 16.7 లక్షల జౌళ్ళు. ఈ వేడితో ఐదున్నర లీటర్ల చన్నీళ్ళను మరిగించవచ్చు. ఒక్కసారి బ్రేకు వేస్తే అంత వేడి పుడుతుంది. ఇందులో చాలా భాగాన్ని డ్రమ్ములే మోయాలి. ఒక డ్రమ్ము పని చేయకపోతే దాని వాటా మిగతా వాటి మీద పడుతుంది. కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాటు లాంటి చోట దిగేటప్పుడు అవి మరీ వేడెక్కి పట్టు తప్పుతాయి.

ఇంకో లెక్క చూడండి. 60 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు చూసి తొక్కేలోపు ఒక సెకను పట్టినా బస్సు 17 మీటర్లు పోతుంది. బ్రేకులు బాగుంటే తర్వాత 28 మీటర్లలో నిలుస్తుంది. బ్రేకు బలం సగమైతే 56 మీటర్లు కావాలి. మొత్తం 45 మీటర్లు కావలసిన చోట 73 మీటర్లు. ఆ 28 మీటర్ల తేడాలో ఒక బడి పిల్లల వరుస పట్టిపోతుంది.

తుప్పు చేసే చెరుపు

ఇనుము ఆక్సిజన్‌తో, తేమతో కలిసి నీరున్న ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. అదే తుప్పు. అది పోయిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఈ ఒక్క ముక్క పుస్తకంలో చదివి వదిలేశాము. బ్రేకులో కథంతా దానిదే.

డ్రమ్ము లోపల పలుచగా పట్టిన తుప్పు నాలుగుసార్లు బ్రేకు వేస్తే రాలిపోతుంది. దానికి భయం లేదు. భయమంతా కనిపించని చోట్ల. షూకూ లైనర్‌కూ మధ్య తుప్పు పెరిగితే లోపలి నుంచి లైనర్‌ను పైకి లేపుతుంది. రివిట్ల దగ్గర పగుళ్ళు వస్తాయి. క్యామ్ బుష్‌లో పడితే క్యామ్ బిగుసుకుంటుంది. అప్పుడు చాంబర్ తోసినా షూ సరిగా తెరుచుకోదు, లేదా తెరుచుకున్నది వెనక్కి రాక డ్రమ్మును కాలుస్తుంది. మన ఎర్రగుంట్ల రోడ్లలో సిమెంటు లారీల దుమ్ము, నాపరాళ్ళ దుమ్ము గ్రీజుతో కలిసి గట్టిపడి దీనికి తోడవుతాయి.

ఆ రోజు విప్పితే కుడివైపు వెనక క్యామ్ బుష్‌లో బిగుసుకుని ఉంది. ఎడమవైపు లైనర్ రివిట్ల చుట్టూ పగిలి ఒక ముక్క చేతిలోకి ఊడి వచ్చింది. మేస్త్రీ మాట్లాడకుండా ఆ ముక్కను బడి తరఫున వచ్చినాయన చేతిలో పెట్టాడు. టైటు చేసి పంపి ఉంటే కుడివైపు బ్రేకు పడదు, ఎడమవైపు ముక్కలు రాలుతాయి.

మరమ్మతు జరిగిన క్రమం

1. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మెలు పెట్టాలి. జాకీ ఎత్తిన తర్వాత స్టాండు పెట్టనిదే కిందికి దూరకూడదు.

2. స్లాక్ అడ్జస్టర్‌ను వదులు చేసి, డ్రమ్మును చుట్టూ సుత్తితో తట్టి తీయాలి. పోత ఇనుము పెళుసు కాబట్టి ఒకేచోట బలంగా కొట్టకూడదు.

3. డ్రమ్మును తుడిచి పగుళ్ళు చూడాలి. పగిలినది మార్చవలసిందే. గుంటలు పడితే లేత్ మీద కోత పెట్టించవచ్చు గాని, డ్రమ్ముకు నిర్ణయించిన గరిష్ఠ కొలత దాటకూడదు.

4. లైనర్లు ఒక పక్క పాడైనా ఇరుసుకు రెండు పక్కలా మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

5. కొత్త లైనర్ బిగించే ముందు షూ మీది తుప్పును పూర్తిగా గీకి తీయాలి. పాత తుప్పు మీద కొత్త లైనర్ వేస్తే మళ్ళీ అదే కథ.

6. క్యామ్, బుష్‌లు, రోలర్లు, రిటర్న్ స్ప్రింగులు చూసి అరిగినవి మార్చాలి. గ్రీజు పెట్టాలి. అది లైనర్‌కు అంటకూడదు.

7. గాలి నింపి, గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి లీకులు చూడాలి. ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదలాలి.

8. చివరగా ఖాళీ బండిని మెల్లగా నడిపి బ్రేకు పరీక్షించాలి.

రెండు హెచ్చరికలు

పార్కింగ్ బ్రేకు చాంబర్‌లో చాలా బలమైన స్ప్రింగు అణిగి ఉంటుంది. దాన్ని బోల్టుతో బంధించకుండా విప్పితే ప్రాణం పోవచ్చు. తెలియని వాళ్ళు ముట్టకూడదు.

రెండవది, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. గాలి పైపుతో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. మా నాన్న ఏళ్ళ తరబడి నోటితో ఊదినవాడే. ఈ ఒక్క మాట మేము చదువుకుని షెడ్డుకు తీసుకుపోయినది. మిగతావన్నీ షెడ్డు మాకు ఇచ్చినవి.

ముగింపు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇలాంటి బండికి ఎఫ్‌.సి. ఉండాలి. కరోనా వల్ల గడువు తీరిన కాగితాలకు కేంద్రం అప్పట్లో గడువు పెంచుతూ వచ్చింది. ఆ బస్సు కాగితం కూడా చెల్లుబాటులోనే ఉంది. కాగితానికి గడువు పెంచవచ్చు, తుప్పు మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగదు.

బస్సు మూడు రోజులు షెడ్డులోనే ఉంది. నాలుగో రోజు పిల్లలతో పోయింది. అందులో మా వీధి పిల్లలు కూడా ఇద్దరు ఉన్నారు. బిల్లు కట్టారు గాని, ఆ బడి మిగతా బండ్లు తర్వాత మా షెడ్డుకు రాలేదు. మా నాన్న ఒకసారి ఆ మాట ఎత్తితే మేస్త్రీ, "రాకపోతే పోనీలే అప్పా, ఆ బండి నిలబడతా ఉండాది కదా" అన్నాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి పనులు చేసే నాన్నలు, మామలు ఉంటారు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు వాళ్ళ పని దగ్గర కూర్చుని "ఇది ఎందుకు ఇట్లా చేస్తారు?" అని అడగండి. మీ పుస్తకంలోని పాఠం అక్కడ కనిపిస్తుంది. మీకు తెలిసినదాంట్లో వాళ్ళ ఊపిరి కాపాడే మాట ఒకటి ఉంటే అది వాళ్ళకు చెప్పి రండి.