పాసుపుస్తకంలో ఉన్నది ఫారం ఒప్పుకోవాలి

మండపేట

చి. మేనకోడలికి,

రైతులు నింపే ఆన్‌లైన్ ఫారం పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించానమ్మా. తప్పుడు వివరాలు లోపలికి రాకుండా ప్రతి గడికీ గట్టి నిబంధన పెడతానన్నావు. నేను మాత్రం, ఫారం ఎంత మొండికేస్తే అందులోకి అంత అబద్ధం చేరుతుందంటాను. ఇంటిపేరు కనీసం మూడక్షరాలుండాలని పట్టుబట్టావనుకో. కాగితాల మీద ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉన్న రైతు పని మానుకుని ఇంటికి పోడు. అతని కోసం ఫారం నింపేవాళ్లు ఏదో ఒకటి కలిపి గడి దాటిస్తారు. ఆ కలిపింది రేపు ఆధార్‌లోని పేరుతో సరిపోలదు. అడ్డుకున్న తప్పు కంటే పుట్టించిన తప్పే పెద్దది.

బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ సంగతి చూడు. మొత్తం 11 అక్షరాలు, మొదటి నాలుగూ బ్యాంకువి, అయిదోది ఎప్పుడూ సున్నా. మధ్యలో ఖాళీ వదిలినా, చిన్న అక్షరాలు కొట్టినా, అయిదో చోట సున్నాకి బదులు ‘ఓ’ పెట్టినా నీ ప్రోగ్రామే దిద్దుకోగలదు, మనిషిని ఆపక్కర్లేదు. అదే ఆంధ్రా బ్యాంకు పాత పాసుపుస్తకం తీసుకో. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, తరవాత శాఖల కోడ్‌లూ మారాయి. పాత కోడ్ రూపంలో ఏ లోపమూ లేదు కాబట్టి నీ నిబంధన దాన్ని నిక్షేపంగా దాటిస్తుంది. ఖాళీ వదిలినవాణ్ణి ఆపి, చెల్లని కోడ్‌ని పంపించే కాపలా ఎవరికోసం? అక్కడ ‘ఇది ఆంధ్రా బ్యాంకు పాత కోడ్, కొత్త పాసుపుస్తకం చూసి వేయండి’ అని తెలుగులో, ఆ గడి కిందే చెప్పు. ‘ఇన్‌వాలిడ్’ అన్న ఎర్ర మాట చూసి రైతు ఏం దిద్దుకుంటాడు? మిగతా గడుల్లో నింపింది చెరిగిపోకూడదు సుమా.

పేరు తెలుగులో రాస్తే మరో చిక్కు. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు అక్షరాల వర్గంలో లేవు, వాటిది వేరే వర్గం. ‘అక్షరాలు మాత్రమే’ అని నిబంధన రాస్తే ‘రమ’ లోపలికి వస్తుంది, ‘సీత’ బయటే ఉండిపోతుంది. జిల్లా గడీ అంతే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు మన మండపేట కోనసీమ జిల్లాలోకి వెళ్లింది, పిన్ కోడ్ మాత్రం 533308గానే ఉండిపోయింది. పాత పట్టికతో పిన్‌నీ జిల్లానీ సరిచూసే ఫారం, నిజం రాసినవాణ్ణే తప్పుపడుతుంది.

ఇలా వదిలేస్తే డేటా చెత్తవుతుందని మీ పైవాళ్లు అంటారు. అనుమానం వచ్చినదానికి గుర్తు పెట్టి, కాగితం చూసి తేల్చమని పంపితే సరిపోతుంది, గుమ్మంలోనే ఆపనక్కర్లేదు. భద్రత మాటేమిటంటారా? బ్రౌజర్‌లోని తనిఖీని తెలిసినవాడెవడైనా తప్పించుకోగలడు. ఆ రక్షణ సర్వర్‌లో, డేటాబేస్‌కి ప్రశ్న పంపే పద్ధతిలో ఉండాలి. పేరులోని చుక్కని నిషేధించినంత మాత్రాన అది రాదు. అలాగని అన్నిటికీ తలుపులు తెరవమనను. ఆధార్‌లో చివరి అంకె వెర్హోఫ్ పద్ధతిలో లెక్కగట్టింది. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా తప్పకుండా దొరుకుతుంది. కార్డు మీద నాలుగేసి అంకెలకి ఉన్న ఎడాన్ని ఒప్పుకో, లెక్క కుదరకపోతే మాత్రం ఆపు. ఖాతా నంబరుకి అన్ని బ్యాంకుల్లో చెల్లే అలాంటి లెక్క లేదు, తప్పితే డబ్బు ఇంకొకరికి చేరవచ్చు. అందుకని దాన్ని రెండుసార్లు అడగడం న్యాయమే.

ఫారం విడుదలయ్యాక ఏ గడి, ఏ కారణంతో, ఎన్నిసార్లు తిప్పికొట్టిందో లెక్క రాయించు. అందులో ఆధార్, ఖాతా నంబర్లు మాత్రం నమోదు కానివ్వకు. ఎక్కువమందిని ఆపిన గడి నిబంధనని ముందు అనుమానించు, జనాన్ని తరవాత.

నీ మావయ్య