తుపాకి రాముని చేతి కట్టె తుపాకి
(వ్యంగ్య దృష్టితో ఆయుధ వ్యామోహం - ఒక పరిశీలన)

మానవుడు తన గోళ్ళు చాలవని రాయిని, రాయి చాలదని కత్తిని, కత్తి చాలదని తుపాకిని సంపాదించుకొన్నాడు. ఇన్ని సంపాదించుకొన్న తరువాత తన భయం తగ్గినదా, పెరిగినదా అన్న లెక్కను మాత్రం చూచుకొనలేదు. ఆ లెక్కను చరిత్రకారులు ఒక విధంగా, న్యాయశాస్త్రజ్ఞులు మరొక విధంగా చూస్తారు. సాహిత్యంలో ఆ పనికి పూనుకొనేది వ్యంగ్యం. విద్యార్థులకు వ్యంగ్య స్వభావాన్ని వివరించడానికి ఆయుధ వ్యామోహం వంటి అనువైన వస్తువు మరొకటి లేదని తలచి, ఈ చిన్న వ్యాసాన్ని వారి ముందుంచుతున్నాము.

వ్యంగ్యం అనగా నేమి?

మన ఆలంకారికులు ఈ మాటను ధ్వని సంబంధంగా వాడినారు. 9వ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు వాచ్యార్థానికి వెనుక స్ఫురించే అర్థాన్ని వ్యంగ్యమన్నాడు. నేటి వాడుకలో అధిక్షేపం, ఎత్తిపొడుపు అనే అర్థం దీనికి స్థిరపడినది. ఉర్దూలో దీనిని ‘తంజ్’ అంటారు. కేవలం నవ్వించేది ‘మిజాహ్’. మిజాహ్ విన్నవాడు నవ్వి మరచిపోతాడు. తంజ్ విన్నవాడు నవ్విన తరువాత దెబ్బ ఎక్కడ తగిలినదో అని తన ఒళ్ళు తడుముకొంటాడు. రెండు భాషలూ వినబడే మన కళాశాలలో ఈ భేదాన్ని గ్రహించడం కష్టం కాదు.

మాటలలోని ఆయుధశాల

ముందుగా మన నాలుకపై నున్న ఆయుధాలను పరికింతము. ‘తుపాకి’ తురుష్క భాష నుండి వచ్చిన మాట. ‘బందూకు’ అరబ్బీ నుండి వచ్చినది; అక్కడ ‘బుందుఖ్’ అనగా ఒక చిన్న గట్టి కాయ. కాయ వంటి గుండు, ఆ గుండును విసిరే గొట్టం, క్రమంగా ఒకే పేరును పంచుకొన్నవి. ‘ఫిరంగి’ అంటే మొదట ఐరోపావాడు. తరువాత వాడు తెచ్చిన గొట్టం. మనిషికీ మారణాయుధానికీ ఒకే పేరు పెట్టిన మన పూర్వుల వ్యంగ్య దృష్టి మెచ్చదగినది. ముస్లిముల మాటగా పలువురు తలచే ‘తల్వార్’ సంస్కృత ‘తరవారి’ నుండి పుట్టినది. కత్తికి మతం లేదని నిఘంటువు ఏనాడో చెప్పినది. కత్తి పట్టినవాడే నిఘంటువు చదువలేదు.

కవులు కూడా తక్కువ తినలేదు. తెలుగు ప్రబంధాలలో మన్మథుడు ఐదు పూలబాణాలతో తిరుగుతాడు. ఉర్దూ గజళ్ళలో ప్రియురాలి కనుబొమ విల్లు, చూపు బాణం. అయితే ఆ బాణాలు తగిలినవారు పద్యాలు చెప్పినారే తప్ప ఆస్పత్రిలో చేరలేదు. కవి ఆయుధానికీ కమ్మరి ఆయుధానికీ గల ఈ భేదం మరువరానిది.

పిట్టల దొర

తెలంగాణ పల్లెలలో పిట్టల దొర అనే జానపద కళాకారుడు కలడు. ఇతనికే ‘తుపాకి రాముడు’, ‘లత్కోరు సాబ్’ అని పేర్లు. ఖాకీ దుస్తులు, పాతకోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లేని జాగీరులను, లేని గుర్రాలను, చేయని వేటలను వర్ణిస్తూ ఇంటింటికీ తిరిగి, చివరకు గుప్పెడు బియ్యానికి చేయి చాస్తాడు. గొప్పలు చెప్పుకొనే వానిని తెలుగువారు నేటికీ ‘తుపాకి రాముడు’ అనడం ఇందువల్లనే.

ఈ వేషంలోని వ్యంగ్యాన్ని విప్పి చూచినచో మూడు అంశాలు కనబడతాయి. దొరతనమంతా దుస్తులలోను, తుపాకిలోను ఉన్నదనడం మొదటిది. ఆ తుపాకి కట్టెది, అనగా పేలనిది. బెదిరింపులో బలం కంటె నటన ఎక్కువ అనడం రెండవది. ఇంత ఆర్భాటం చేసినవాడు అన్నం కొరకు చేయి చాపక తప్పదనడం మూడవది. నిజమైన దొరల ఎదుట నోరు విప్పలేని జనం, ఈ కట్టె దొరను చూచి కడుపారా నవ్వుకొన్నారు. నిరాయుధుల ఆయుధం వ్యంగ్యమే అనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

కోటలు - తలుపులు

చరిత్ర కూడా అప్పుడప్పుడు వ్యంగ్యం వ్రాస్తుంది. 1687లో ఔరంగజేబు సైన్యం గోలకొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినది. ఫిరంగులు గర్జించినవి, మందుపాతరలు పేలినవి, కోట లొంగలేదు. చివరకు ధనానికి లొంగిన ఒక ఉద్యోగి రాత్రివేళ తలుపు తీసినాడు. గుండ్లు చేయలేని పనిని గుట్టుచప్పుడు కాకుండా నాణెం చేసినది. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్ది చివర స్థాపించిన ఫిరంగుల కర్మాగారం ‘తోప్ కా సాంచా’ కూడా ఇట్టిదే. నేడది గన్‌ఫౌండ్రీ అనే పేటకు పేరుగా మిగిలినది. ఫిరంగులు పోతపోసిన చోట నేడు బ్యాంకులలో జనం వరుసలో నిలబడి ఉన్నారు. ఇంతకంటె మంచి ముగింపు ఏ ఫిరంగికైనా ఏమి కావలెను?

అమెరికా ఉదాహరణ

నేటి కాలంలో ఆయుధ వ్యామోహానికి పరాకాష్ఠ అమెరికా సంయుక్త రాష్ట్రాలు. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ అంచనా ప్రకారం 2017 చివరకు అక్కడి పౌరుల వద్ద 39.3 కోట్ల తుపాకులు ఉన్నవి. ఆనాటి జనాభా సుమారు 32.6 కోట్లు. అనగా ఉయ్యాలలోని పసిబిడ్డకు కూడా ఒకటి పంచిపెట్టినను, కోట్ల కొలది తుపాకులు దిక్కులేక మిగిలిపోతాయి. ఇందుకు ఆధారంగా చూపేది 1791లో ఆమోదింపబడిన రాజ్యాంగ రెండవ సవరణ. ఆనాటి తుపాకిలో మందు కూరి, గుండు దించి, నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చగలిగితే గొప్ప. చట్టం అక్కడనే ఉన్నది. తుపాకి మాత్రం చాల దూరం పోయినది.

2020లో ఆ దేశంలో 1 నుండి 19 ఏండ్ల వయస్సుగల వారి మరణాలకు తుపాకి గాయాలే మొదటి కారణమైనవి. వాహన ప్రమాదాలు వెనుకబడినవి. అక్కడి బడిపిల్లలు ఎక్కాలతోపాటు బల్లల క్రింద దాగికొనడం కూడా అభ్యసిస్తారు. గుండు దూరని బడిసంచులు అంగళ్ళలో దొరుకుతున్నవి. ఇక వ్యంగ్య రచయిత కల్పించవలసినది ఏమున్నది? ఉన్నది ఉన్నట్లు వ్రాస్తే చాలును. ఆ దేశపు రచయిత మార్క్ ట్వేన్ 1882లో యువతకు సలహాలిస్తూ చేసిన ప్రసంగంలో, గుండు లేదని అందరూ నమ్మిన పాత తుపాకియే అన్నిటికంటె గురి తప్పనిదని చమత్కరించినాడు. ఆ చమత్కారానికి కాలదోషం పట్టలేదు.

ఇది పరాయి దేశపు ముచ్చట అని త్రోసివేయరాదు. ఏటేటా వేలాది తెలుగు విద్యార్థులు ఆ గడ్డమీద అడుగు పెడుతున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరు, అతడెవరో ఎరుగని ఒకని తుపాకికి బలియైనాడు. కాల్చినవాడు అతనిని ఇరాన్ దేశస్థుడని పొరబడినాడు. ద్వేషానికి చిరునామా చదివే ఓపిక ఉండదు. తుపాకికి అసలే ఉండదు. ఇచ్చట మా వ్యంగ్యం ఆగిపోతున్నది. నవ్వు ఎక్కడ ఆగవలెనో తెలియుట కూడా ఆ విద్యలో భాగమే.

మన పెండ్లిళ్ళు - మన పుట్టినరోజులు

ఇతరులను చూచి నవ్విన తరువాత అద్దంలో చూచుకొనడం మర్యాద. అదే సంస్థ అంచనాలో మన దేశ పౌరుల వద్ద 7.1 కోట్ల తుపాకులు ఉన్నవి. వానిలో ఎక్కువ భాగం లైసెన్సు లేనివే. ఉత్తర భారతంలో పెండ్లి ఊరేగింపులో ఆకాశంలోనికి కాల్చడం ఒక వేడుక. ఆకాశానికి పోయిన గుండు ఆకాశంలోనే కాపురముండదు. క్రిందికి దిగి ఒక తలను వెదకుకొంటుంది. అందుకే ఆయుధాల చట్టం, 1959కి 2019లో చేసిన సవరణ, ఇట్టి వేడుక కాల్పులకు రెండేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. వరుని ఆనందం కొలిచే సాధనం తుపాకియే అయినచో, ఆ ఆనందం ఎంత బలహీనమైనదో ఆలోచించవలెను.

మన హైదరాబాదులో తుపాకికి బదులు తల్వారు దిగినది. నిజాం సైన్యంలో కొలువుకై యెమెన్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బుల మర్ఫా వాద్యం, జంబియా నృత్యం మన పెండ్లిళ్ళకు అందం తెచ్చినవి. అది నేర్చిన చేతుల కళ. నేడు ఏ కళా నేర్వని చేతులు తల్వారుతో పుట్టినరోజు కేకును కోయుచున్నవి. మెత్తని మైదా ముద్దను ఓడించడానికి ఇంత పొడవు కత్తి పట్టిన వీరుని చూచి తుపాకి రాముడు సైతం సిగ్గుపడును. తుపాకి రామునికి తన తుపాకి కట్టెదని తెలుసు. ఈ వీరుడు మాత్రం ఆ చిత్రాన్ని ఫోనులో ఊరంతటికీ చూపి, తనపై తానే సాక్ష్యం పలుకుతాడు. కేసు నమోదైనచో పాస్‌పోర్టు విచారణనాడు ఆ కేకు రుచి మరల తెలిసివస్తుంది. ఈ దశకు బీజం చిన్నతనంలోనే పడుతున్నది. దీపావళికి బిళ్ళల తుపాకి కొనిపెట్టే తండ్రి, ఈదీ డబ్బులతో బొమ్మ తుపాకి కొనుక్కొన్న కొడుకును చూచి మురిసే తండ్రి, ఈ విషయంలో ఒకే మతస్థులు.

జమ్మిచెట్టు పాఠం

తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి ముందు తమ ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచినారు. గాండీవం చెట్టుపై నుండగా అర్జునుడు పిల్లలకు నాట్యం నేర్పినాడు, భీముడు వంట చేసినాడు. ఆ యేడాది వారు ఎవ్వరికీ తక్కువ వారు కాలేదు. దసరానాడు మన తెలంగాణలో ఆ చెట్టు ఆకునే ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ చేసుకొంటారు. గమనింపుడు: పంచుకొనేది ఆకును, చెట్టుపై దాచిన కత్తిని కాదు. కౌగిలికి రెండు చేతులూ ఖాళీగా ఉండవలెను.

కావున విద్యార్థులకు మేము చెప్పదలచిన సారాంశమిది. వ్యంగ్యం బలవంతునిపై ఎక్కుపెట్టదగినదే కాని బాధితునిపై కాదు. అది నిజాన్ని విడువరాదు; లెక్క తప్పితే నవ్వు తప్పుతుంది. అది ఇతరులతో మొదలైనను తనవారిని దాటిపోరాదు. ఈ మూడు నియమాలను పాటించి, మీ వీధిలో, మీ ఇంటి వేడుకలో కనబడిన ఒక ఆయుధాన్ని గురించి ఒక పుట వ్రాయుడు. తెలుగులో వ్రాసినను, ఉర్దూలో వ్రాసినను సమ్మతమే. దానిని మొదట ఆ ఆయుధం పట్టిన మిత్రునికే చదివి వినిపింపుడు. అతడు నవ్వి దానిని గోడకు తగిలించినచో, ఆ పుటకు పరీక్షలో వచ్చే మార్కుల కంటె మిన్నయైన ఫలితం దక్కినట్లే.