చదువు నుండి కాయకమునకు



బిడ్డ కళాశాలలో చేరిన దినమున ఇంటిల్లిపాదియు సంతోషింతుము. పట్టా చేతికి వచ్చిన దినమున మరల సంతోషింతుము. కాని ఆ పట్టాతో బిడ్డ ఎక్కడికి పోవలెను, ఎవరిని అడుగవలెను అను విచారము మనలో చాలమందికి పట్టా వచ్చిన మరునాటికి గాని కలుగదు. అప్పటికి ఆలస్యమై యుండును. ఈ పాఠమున ఆ విషయమునే పరిశీలింతము.

ఒకే పట్టా, రెండు దారులు

ఒకే తరగతిలో చదివి, ఒకే శ్రేణిలో ఉత్తీర్ణులైన ఇద్దరిని తలచుకొనుడు. ఒకని తండ్రి బ్యాంకు ఉద్యోగి, మేనమామ ఇంజనీరు. ఏ ఉద్యోగమునకు ఎప్పుడు దరఖాస్తు చేయవలెనో, బయోడేటాలో ఏమి వ్రాయవలెనో భోజనమువేళ మాటలలోనే అతనికి తెలిసిపోవును. రెండవవాని తల్లిదండ్రులు కూలి చేసి చదివించిరి. ఆ ఇంట కళాశాల గడప త్రొక్కినవాడు ఇతడే మొదట. ఇంటర్వ్యూలో తన్ను గూర్చి చెప్పుమన్నచో ఊరిపేరు, తండ్రిపేరు చెప్పి ఊరకుండును. తెలివి తక్కువై కాదు. అడుగువారు ఏమి తెలిసికొనగోరుచున్నారో అతనికి ఎవ్వరును చెప్పియుండలేదు.

ఇట్టి అడ్డంకులు ఒక్కొక్కరికి ఒక్కొక్క రీతిగ నుండును. తెలుగు మాధ్యమమున చదివినవానికి విషయము తెలిసినను ఇంగ్లీషున మాట పెగలదు. ఆడపిల్లకు పొరుగూరిలో పని దొరికినను వసతి, రాకపోకల భద్రత తేలనిదే ఇంటివారు పంపరు. చూపు లేని విద్యార్థికి చదువు వచ్చినను పరీక్షలో లేఖకుని సహాయము కోరవచ్చునని తెలియకపోవచ్చును. వీరందరికి ఒకే ఉపన్యాసము చెప్పి పంపినచో అది సహాయము కానేరదు. ఎవరికి ఎక్కడ దారి మూసుకొనిపోయినదో అడిగి తెలిసికొనవలెను.

కల్యాణము చెప్పు పాఠము

12వ శతాబ్దమున కల్యాణమునందలి అనుభవమంటపమునకు అల్లమప్రభువు అధ్యక్షుడు. అచ్చట పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, బట్టలుతుకు మడివాళ మాచిదేవుడు, రాలిన బియ్యమేరు ఆయ్దక్కి మారయ్య, ఆయన యిల్లాలు లక్కమ్మ గౌరవస్థానము పొందిరి. పుట్టుకను బట్టి గాక కాయకనిష్ఠను, అనుభవమును బట్టి వారు శరణులుగా మన్ననలందిరి.

ఇందుండి మనము ఒక జాగ్రత్త నేర్చుకొనవలసి యున్నది. కాయకమున ఎక్కువ తక్కువలు లేవను మాటను కొందరు పేద విద్యార్థికి మాత్రమే బోధింతురు. "ఏ పని దొరికిన ఆ పని చేసికొనుము, అదియే కాయకము" అందురు. తమ బిడ్డలకు ఆ మాట చెప్పరు. శరణుల భావము ఇది కాదు. ఏ పని చేయువానిని గూడ చిన్నచూపు చూడరాదనిరి గాని, ఒక యింట పుట్టినవాడు మరియొక పనికి తగడని వారు చెప్పలేదు. పుట్టుకయే మనిషి స్థానమును నిర్ణయించు ఆచారమును వారు ఎదిరించిరి. కూలివాని కుమారుడు తెలివి యుండియు దారి తెలియనందున కూలికే మరలవలసి వచ్చినచో, ఆ పాత ఆచారమే క్రొత్త వేషమున మన యెదుట నిలిచినట్లు.

అన్నము, అక్షరము, ఆ తరువాత

మన పెద్దలు తమ కాలపు అవసరమును గుర్తించిరి. 1916లో బెళగావియందు ఏడుగురు ఉపాధ్యాయులు కర్ణాటక లింగాయత విద్యాసంస్థను స్థాపించిరి. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు (1907-2019) కులమత భేదము పాటింపక వేలాది బాలురకు అన్నము, వసతి, విద్య సమకూర్చిరి. దూరపు పల్లెల బిడ్డకు నాడు లేనివి కూడు, గూడు, బడి. నేటి బిడ్డకు అవి దొరికినను చదువునుండి ఉద్యోగమునకు పోవు దారి తెలియుట లేదు. దాసోహము కాలమునకు తగినట్లు ఈ లోటును గూడ తీర్చవలెను.

తెలియవలసిన అవకాశములు

1961 నాటి అప్రెంటిసుల చట్టమున 1973 సవరణవలన ఇంజనీరింగు పట్టభద్రులకును, 2014 సవరణవలన ఇతర పట్టభద్రులకును చోటు కలిగినది. భృతి పొందుచునే పని నేర్చుకొనుటకు ఇది మార్గము. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జాతీయ కెరీర్ సేవలో ఉద్యోగార్థులు ఉచితముగా పేరు నమోదు చేసికొనవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము నిర్ణీత స్థాయి వైకల్యము గలవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతమునకు తగ్గకుండ సీట్లు, ప్రభుత్వోద్యోగములలో 4 శాతమునకు తగ్గకుండ స్థానములు కేటాయింపవలెనని చెప్పుచున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రూపొందించిన డిగ్రీ పాఠ్యప్రణాళికయందు 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చిరి. ఉద్దేశము మంచిది. కాని పరిచయములు గల యింటి బిడ్డకు మంచి కార్యాలయము దొరకును. పరిచయములు లేనివాని ఇంటర్న్‌షిప్ కాగితముమీద మాత్రమే ముగియు ప్రమాదము కలదు. అవకాశమును చట్టము కల్పింపగలదు. అచ్చటికి చేయి పట్టి నడిపించువాడు మనిషియే.

మనము చేయదగినవి

1. చివరి సంవత్సరము వరకు ఆగక, మొదటి సంవత్సరముననే విద్యార్థితో మాటలాడవలెను. ఏ పాఠ్యాంశమునుండి ఏ వృత్తులకు పోవచ్చునో ముందే తెలిసినచో ఎన్నుకొనుట సులభము.

2. మఠమందో వసతిగృహమందో నెలకొక సాయంకాలము నర్సు, లైన్‌మన్, బ్యాంకు గుమాస్తా, వ్యవసాయాధికారి, ఆడిటరు మున్నగువారిని పిలువవలెను. వారు గొప్పలు చెప్పనక్కరలేదు. తమ దినచర్యను, మొదటి జీతమును, తాము చేసిన పొరపాట్లను చెప్పిన చాలును.

3. పదిమంది కూడి ఇంటర్వ్యూను అభ్యాసము చేయింపవలెను. నలుగురు అయినవారి యెదుట తడబడినవాడు పరాయివారి యెదుట నిలువగలడు.

4. ప్రయాణపు ఖర్చులకు చిన్న నిధి ఉంచవలెను. మూడు వందల రూపాయలు లేక ఇంటర్వ్యూకు పోలేనివాడు తన లేమిని ఎవరికిని చెప్పుకొనడు. మనమే అడుగవలెను, పదిమందిలో అడుగరాదు.

5. ఉద్యోగమిప్పించెదమని ముందుగా సొమ్మడుగు వారిని నమ్మరాదని తల్లిదండ్రులకు గూడ చెప్పవలెను. దారి తెలియని యిల్లే ఇట్టివారికి సులభముగా చిక్కును.

సిఫారసు వేరు, మార్గదర్శనము వేరు

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. "మన పలుకుబడితో మన పిల్లలకు ఉద్యోగములు వేయించిన చాలదా?" సిఫారసు ఒకరిని ముందుకు త్రోసి, వరుసలోని మరియొకరిని వెనుకకు నెట్టును. ఆ నెట్టబడినవాడును ఒక తల్లి బిడ్డయే. మార్గదర్శనము ఎవరి చోటును కాజేయదు. ఎందరికి పంచినను తరుగదు. కావున మన తలుపు మన సమాజపు పిల్లలకే తెరచి, ఇతరులకు మూయరాదు. మడివాళ మాచిదేవునకును అంబిగర చౌడయ్యకును చోటిచ్చిన మంటపము పేరు చెప్పుకొను మనము, వచ్చిన విద్యార్థిని కులమడిగినచో ఆ పేరు చెప్పుకొనుటకు అర్హులము కాము.

మననము

మీ వీథిలో తన యింట మొట్టమొదట కళాశాలకు పోవుచున్న విద్యార్థి ఎవరు? అతనితో మీరు కడపట ఎప్పుడు మాటలాడితిరి? మీ వృత్తిలోనికి వచ్చినప్పుడు మీకు దారి చూపినవారెవరు? ఆ ఋణమును ఎవరికి తీర్చనున్నారు?

వచ్చే సోమవారము లోపల ఒక్క విద్యార్థిని ఇంటికి పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అతని బయోడేటాను చదివి సరిదిద్దుడు. ఈ పాఠము అచ్చట మొదలగును.

శరణు శరణార్థి.