పక్కింటి పాడుగోడ – పొరుగువారి హక్కు

తన స్థలంలో తాను ఏమి చేసుకున్నా అడిగేవారు లేరనే మాట మన దేశపు న్యాయసంప్రదాయంలో ఏనాడూ చెల్లలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇళ్లను, స్థలాలను గురించిన భాగం ఒకటి ఉన్నది. పెంటకుప్ప ఎక్కడ వేయాలి, మురుగుకాలువ ఎటు పోవాలి, బావి ఎక్కడ తవ్వాలి, ఇరుగుపొరుగు ఇళ్ల నడుమ ఎంత ఎడం ఉండాలి అనే విషయాలను జరిమానాలతో సహా అందులో నిర్ణయించాడు. ప్రసవమైన ఇంట పదవనాటి వరకు నీటిగుంటకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. శాసనం రాసేవానికి సంసారం తెలిసి ఉండాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర లేదు. రెండవ అధికరణంలో నగరపాలనను వివరించే చోట వీధిలో చెత్త వేసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, నీరూ బురదా చేసి దారి చెడగొట్టినవానికి నాలుగవ వంతు దండన విధించాడు. రాజమార్గమైతే రెట్టింపు. పుణ్యతీర్థాన్ని, జలాశయాన్ని, దేవాలయాన్ని మలమూత్రాలతో అపవిత్రం చేసినవారికి ఒక పణం మొదలుకొని పైకి. అది రోగం వల్లనో, మందు వల్లనో జరిగితే దండన లేదు.

నేటి చట్టం కూడా ఇంచుమించు ఇదే దృష్టితో నడుస్తున్నది. పాంబండ శ్రీ రామలింగేశ్వరస్వామి సన్నిధికి వచ్చే యాత్రికులు కుల్కచర్ల పరిసర గ్రామాల వీధులలో నడిచినప్పుడు ఒక దృశ్యం తప్పక చూసి ఉంటారు. రెండు మంచి ఇళ్ల నడుమ మట్టిగోడల పాత ఇల్లు ఒకటి, కప్పు కూలి, తుమ్మచెట్లు మొలిచి ఉంటుంది. వారసులు నగరంలో స్థిరపడ్డారు. వాటాలు తేలలేదు కనుక ఎవరూ ముట్టుకోరు. వానకాలంలో గోడ నాని పక్కింటి వైపు ఒరుగుతుంది, లోపల పాములు చేరుతాయి. పక్కింటి వృద్ధురాలు రాత్రివేళ ఆ గోడ వైపు మంచం వేసుకోదు. ఆమె ఎవరిని అడగాలి? ఈ వ్యాసం ఉద్దేశ్యం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడమే.

మొదటి గడప గ్రామ పంచాయతీ. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. పారిశుద్ధ్యం, మురుగు, శిథిల గృహాలు, పనికిరాని బావులు పంచాయతీ చూడవలసిన విషయాలు. 2019 సెప్టెంబరు 6న ప్రారంభమైన 30 రోజుల కార్యాచరణలో కూలిన ఇళ్ల శిథిలాలను తొలగించడం, పాడుబావులను పూడ్చడం, పిచ్చిమొక్కలను నరకడం ప్రధానమైన పనులుగా పెట్టుకున్నారు. పల్లె ప్రగతి పేరిట అది తరువాత కూడా కొనసాగింది. కాబట్టి పంచాయతీ కార్యదర్శి వద్దకు వెళ్లేవారు ఏదో దయను కోరుతున్నామని భావించనక్కర లేదు. అయితే నోటిమాటగా చెప్పి ఊరుకుంటే ఫలితం ఉండదు. ఇంటి నంబరు, యజమాని లేదా వారసుల పేర్లు, ప్రమాదం ఎటువంటిది, ఎప్పటి నుంచి ఉన్నది అనే వివరాలతో అర్జీ రాసి, ఫొటో జతపరచి, ప్రతిపై అందినట్లు ముద్ర వేయించుకోవాలి. గ్రామసభలో ఆ విషయాన్ని చర్చకు పెట్టించి నమోదు చేయిస్తే బలం మరింత పెరుగుతుంది. తాండూరు, వికారాబాదు, పరిగి, కొడంగల్ వంటి పట్టణాలలో ఉన్నవారికి ఇదే పని పురపాలక కమిషనరు వద్ద, 2019 నాటి పురపాలక చట్టం కింద జరుగుతుంది.

పంచాయతీ కదలకపోతే రెండవ గడప ఉన్నది. చాలామందికి దీని సంగతి తెలియదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షనుగా ఉండి, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా అమలులోకి వచ్చిన నిబంధన ఇది. బహిరంగ స్థలానికి అడ్డంకి, ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారం, కూలి దారిన పోయేవారి మీద పడగల కట్టడం లేదా చెట్టు, బాట పక్కన కంచె లేని బావి లేదా గుంత, ప్రమాదకరమైన జంతువు – వీటిని తొలగించమని, సరిచేయమని జిల్లా మేజిస్ట్రేటు గాని, ఉప విభాగ మేజిస్ట్రేటు గాని ఉత్తర్వు ఇవ్వవచ్చు. మన వాడుకలో చెప్పాలంటే కలెక్టరు, ఆర్డీవో. పోలీసు నివేదిక వస్తేనే అని లేదు, ఎవరు సమాచారం ఇచ్చినా సరిపోతుంది. మొదట వచ్చేది షరతుతో కూడిన ఉత్తర్వు. ఫలానా గడువులోగా పని చేయి, లేదా వచ్చి ఎందుకు చేయనక్కర లేదో చెప్పుకో అని దాని అర్థం. యజమాని వచ్చి అభ్యంతరం చెబితే సాక్ష్యం తీసుకుంటారు. అవసరమైతే స్థలాన్ని పరిశీలింపజేస్తారు. ఆ విచారణ 90 రోజులలో, కారణాలు రాసి పొడిగిస్తే 120 రోజులలో ముగియాలని కొత్త సంహిత గడువు పెట్టింది. ఉత్తర్వు ఖాయమైన తరువాత కూడా యజమాని వినకపోతే అధికారులే పని చేయించి, ఖర్చును అతని సొత్తు అమ్మి రాబట్టుకోవచ్చు.

ఈ నిబంధనకు జీవం పోసినది మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం. అక్కడి ఒక వీధిలో కాలువలు లేక మురుగు, సమీపంలోని మద్యం కర్మాగారపు వ్యర్థజలం, బహిర్భూమి దుర్గంధం కలిసి ప్రజలు నిలువలేని స్థితి వచ్చింది. వారు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. ఆయన పురపాలక సంఘాన్ని కాలువలు కట్టమన్నాడు. సంఘం డబ్బు లేదన్నది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980 జూలైలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు చెబుతూ, ధనాభావం చెప్పి పారిశుద్ధ్య బాధ్యత నుంచి తప్పించుకునే వీలు లేదని నిర్ణయించారు. ఆర్జీదారులు ధనవంతులు కారు, పెద్ద పలుకుబడి గలవారూ కారు. ఒక వీధివాసులు, అంతే. నిధులు లేవనే మాట మన పంచాయతీలలో ఎంత తరచుగా వినబడుతుందో తెలిసినవారు ఈ తీర్పును గుర్తు పెట్టుకోవడం మంచిది.

పాడుబడిన బోరుబావి సంగతి విడిగా చెప్పుకోవాలి. నీరు పడని బోరును మూత వేయకుండా వదిలివేయడం మన మెట్టప్రాంతాలలో మామూలైపోయింది. 2017 జూన్‌లో హైదరాబాదు నుంచి మన వైపు వచ్చే దారిలోని చేవెళ్ల మండలంలో ఒక పసిపాప అటువంటి బోరులో పడి ప్రాణాలు కోల్పోయింది. అప్పటికి ఏడేళ్ల ముందే, 2010లో, సుప్రీంకోర్టు ఈ విషయమై స్పష్టమైన ఆదేశాలు ఇచ్చి ఉన్నది. బోరు వేసే యజమాని 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి, చుట్టూ కంచె కట్టాలి, పైపు చుట్టూ సిమెంటు దిమ్మె వేసి మూత బిగించాలి. విడిచిపెట్టిన బోరును మట్టితోను, ఇసుకతోను, రాళ్లతోను అడుగు నుంచి నేలమట్టం వరకు పూడ్చాలి. పూడ్చడానికి అయ్యేది నాలుగు బండ్ల మట్టి. పక్క పొలంలో అటువంటి నోరు తెరిచిన బోరు కనబడితే యజమాని ఏమనుకుంటాడో అని మొహమాటపడటం నా దృష్టిలో పాపమే.

వీధి మొత్తానికి కాక ఒక్క ఇంటికే కలిగే బాధకు ఆర్డీవో మార్గం సరిపడదు. ప్రహరీ తగాదా, చూరునీరు మన గోడ మీద పడటం, వాటాల పేచీ వంటివి సివిల్ న్యాయస్థానానికి చెందినవి. ఖర్చుకు వెనుకాడేవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. పైన చెప్పిన వృద్ధురాలు నిస్సంకోచంగా వెళ్లదగిన చోటు అది.

ఇక మన వైపు. దాతలు కట్టించిన సత్రమైనా, భజన మందిరమైనా, కల్యాణమండపమైనా చట్టానికి అది కూడా ఒక కట్టడమే. పుణ్యకార్యం కోసం ఇచ్చిన స్థలమని పొరుగువారి బాధకు మినహాయింపు ఎక్కడా రాయలేదు. సత్రం కట్టించేటప్పుడు శిలాఫలకం మీద పేరును గురించి ఎంతో ఆలోచిస్తాము. ఆ సత్రపు మురుగు ఎక్కడికి పోతుంది, భోజనానంతరం విస్తళ్లు ఎవరు ఎత్తుతారు, ఇరవై ఏళ్ల తరువాత కప్పు కారితే ఎవరు బాగుచేయిస్తారు అన్నవి దానపత్రంలో రాసేవారు తక్కువ. నిర్వహణకు నిధి లేని సత్రం కొన్నేళ్లకు మొదట చెప్పిన పాడింటి వంటిదే అవుతుంది, నోటీసు వచ్చేది అప్పుడు ట్రస్టు పేరు మీద. కొత్త గది కట్టించదలచిన దాతలు ఉన్న గదుల మరమ్మతుకు కొంత కేటాయించడం ఉత్తమమని ఈ సందర్భంలో మనవి చేయడం అనుచితం కాదనుకుంటాను.

ధ్వని విషయం మరింత సున్నితమైనది. చెన్నైలో ఒక ప్రార్థనా మందిరపు మైకుల మీద పొరుగు కాలనీవారు వేసిన వ్యాజ్యంలో 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని అందులో న్యాయస్థానం అభిప్రాయపడింది. ఆ మాట అన్ని మతాల మందిరాలకూ వర్తిస్తుంది. అదే సంవత్సరం కేంద్రప్రభుత్వం తెచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు నిషిద్ధం. పరీక్షలకు చదివే పిల్లలు, జ్వరపీడితులు, పసికందులు ఉన్న ఇళ్లు గుడి చుట్టూనే ఎక్కువ. పండుగలు, ఉత్సవాల సమయంలో రాత్రి 10 నుంచి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రప్రభుత్వానికి ఉన్నది. కాని అది ఏడాది మొత్తానికి 15 రోజులకు మించకూడదు. పగటిపూట మైకుకు కూడా రాతపూర్వకమైన అనుమతి తప్పనిసరి. జాతర నిర్వాహకులు దానికి దరఖాస్తును ఉత్సవానికి తగినంత ముందుగానే పెట్టుకొని, అనుమతిపత్రం ప్రతిని మైకుసెట్టు వద్ద అందుబాటులో ఉంచాలి.