నోథర్‌కు ప్రొఫెసర్ పదవి దక్కిందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆల్జీబ్రాలో ‘నోథీరియన్ రింగ్’ చదువుతున్నాం. ఆ పేరు ఎవరిది? ఆ వ్యక్తి యూనివర్సిటీలో పనిచేశారా?

జవాబు: ఆ పేరు జర్మన్ గణితవేత్త ఎమ్మీ నోథర్‌ది. ఆమె 1882లో ఎర్లాంగెన్‌లో పుట్టారు. 1907లో డాక్టరేట్ వచ్చాక అక్కడే ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేశారు.

1915లో గణితవేత్తలు హిల్బర్ట్, క్లైన్ ఆమెను గోటింగెన్‌కు పిలిపించారు. పాఠం చెప్పే అర్హతను ఆడవాళ్లకు ఇవ్వడానికి అక్కడి అధ్యాపకుల్లో కొందరు ససేమిరా అన్నారు. దాంతో కోర్సు ప్రకటనలో హిల్బర్ట్ పేరు, తరగతిలో పాఠం ఆమెది! ఎంత అన్యాయం! అర్హత 1919లో గానీ రాలేదు. 1922లో ప్రొఫెసర్ హోదా ఇచ్చారు, జీతం లేకుండానే. తర్వాత బోధనకు కొద్దిపాటి భత్యం దక్కింది. జర్మనీలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి ఎన్నడూ రాలేదు.

మీ పాఠానికి మూలం ఆమె 1921 నాటి వ్యాసం. పూర్ణసంఖ్యల్లో 12 గుణిజాలన్నీ 6 గుణిజాల్లో ఉంటాయి, అవి 3 గుణిజాల్లో, అవన్నీ మొత్తం పూర్ణసంఖ్యల్లో. ఇక పెరగడానికి చోటు లేదు. ఈ గుణిజాల సమితులే ఇక్కడ ఐడియల్స్. ఏ రింగ్‌లోనైనా ఇలా పెరిగే ఐడియల్స్ వరుస ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఆగిపోతుందంటే (అదే నోథీరియన్ రింగ్), ఆ ఒక్క షరతు నుంచే ఐడియల్స్ విభజన సిద్ధాంతాన్ని రాబట్టవచ్చని ఆమె చూపారు. లెక్కల చిక్కుముడులను పక్కకు నెట్టి సరైన షరతును పట్టుకోవడంలోనే ఆమె ప్రతిభంతా కనిపిస్తుంది.

యూదురాలు కావడంతో 1933లో నాజీలు ఆమెను గోటింగెన్ నుంచి తొలగించారు. అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలలో చేరిన ఆమె 1935లో, శస్త్రచికిత్స తర్వాత, 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆమె, మరో గణితవేత్త ఆర్టిన్ చెప్పిన పాఠాల ఆధారంగా వాన్ డెర్ వార్డెన్ రాసిన ‘మోడర్న్ ఆల్జీబ్రా’ అప్పటికే యూనివర్సిటీల్లో బీజగణిత బోధన తీరును మార్చేస్తోంది.