దీపములో హనుమంతుడు

ఆకాశమున ఎగురు వీరుల బొమ్మలు మీ సంచులమీదను, నోటుపుస్తకముల అట్టలమీదను ఎన్నో కలవు. అట్టి వీరుని బొమ్మగల చిన్నదీపము చదువుబల్లపై ఉండిన బాగుండునని మీలో పలువురకు తోచియుండును. దానిని ఇంటనున్న వస్తువులతోనే చేసికొనవచ్చును. సముద్రమును లంఘించిన హనుమంతుని మించిన వీరుడెవడు? ఆతనినే మన దీపమునకు నాయకునిగా చేయుదము.

ఈ పనిలో మనకు గురువులు తోలుబొమ్మలాటవారు. వారు మేకతోలును కాంతి చొచ్చునంత పలుచగా గీచి, బొమ్మను కత్తిరించి, రంగులు వేయుదురు. నగలకు, వస్త్రముల అంచులకు సన్నని రంధ్రములు పొడుతురు. బొమ్మను తెల్లని తెరకు ఆనించి వెనుక దీపముంచగా రంగులు వెలుగును. రంధ్రములు ముత్యములవలె మెరయును. పూర్వము తెల్లవార్లు రామాయణ భారత కథలను ఇట్లే ఆడెడివారు. సినిమాలు, టెలివిజనులు వచ్చిన పిమ్మట ఆ ఆటను పిలిపించువారు తగ్గిరి. అప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము మండలములోని నిమ్మలకుంట కళాకారులు ఆ తోలుతోనే దీపములకు తొడుగులు చేయసాగిరి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తెర కరవైన బొమ్మ దీపమును ఆశ్రయించి బ్రతికినది.

మనకు తోలు అక్కరలేదు, కాగితము చాలును. పాత చెప్పుల పెట్టె, తెల్లకాగితములు, నీటిరంగులు, సూది, కొబ్బరినూనె, మైదాపిండి జిగురు, టేపు, రెండు తీగముక్కలు, రెండు పెన్సిలు సెల్లులు, ఒక చిన్న తెల్ల ఎల్.ఇ.డి. సమకూర్చుకొనుడు.

పెట్టె అడుగుభాగమున నలువైపుల ఒక అంగుళము అంచు విడిచి కిటికీ కత్తిరింపుడు. కిటికీకన్న ప్రతివైపున అర అంగుళము పెద్దదగు కాగితముపై హనుమంతుని గీచి, రంగులు నింపి ఆరనిండు. కిరీటమునకు, హారములకు సూదితో రంధ్రములు పొడువుడు. పిమ్మట కాగితము వెనుక దూదితో నూనె పలుచగా పూయుడు. కాగితపు పోగుల నడుమ గాలి నిండిన సందులలో కాంతి చెదరిపోవును. ఆ సందులను నూనె నింపుటచే కాంతి సులభముగా ఇవతలికి వచ్చును. అంచులకు మాత్రము నూనె తగులనీయరాదు. తగిలినచోట జిగురు పట్టదు. ఈ కాగితమును కిటికీకి లోపలివైపున అంటింపుడు. పెట్టెమూతకు లోపల తెల్లకాగితము అంటింపుడు.

ఒక సెల్లు బొడిపె రెండవ సెల్లు చదునుభాగమునకు తగులునట్లు పేర్చిన 3 వోల్టులగును. బొడిపెవైపు తీగను ఎల్.ఇ.డి. పొడవుకాలికి, చదునువైపు తీగను పొట్టికాలికి కలుపుడు. వెలుగకున్న కాళ్లను మార్చి చూడుడు. దానిని పెట్టెలోపలి ప్రక్కగోడకు టేపుతో అంటించి, మొగమును మూతవైపు త్రిప్పుడు. మూతలోని తెల్లకాగితము కాంతిని బొమ్మయంతట పరచును. మూత పెట్టి, పెట్టెను నిలువుగా నిలుపుడు.

ఒక హెచ్చరిక. తిరువూరులో నా చిన్ననాట నేనును నూనెకాగితపు హనుమంతుని చేసి, కిరసనాయిలు దీపము ముందు నిలిపితిని. నా తమ్ముడు చప్పట్లు కొట్టెను. మరుక్షణమున కాగితము అంటుకొనెను. మా అమ్మ దానిని చేతితో అణచి ఆర్పెను. ఆమె అరచేతి మచ్చ జీవితాంతము మాసిపోలేదు. కావున ఈ పెట్టెలో కొవ్వొత్తినిగాని, నూనెదీపమునుగాని, వేడెక్కు బల్బునుగాని ఉంచరాదు. గోడలోని కరెంటును దీనికి కలుపరాదు.

చదువుటకు ఈ వెలుగు చాలదు. గదిలోని దీపమును ఆర్పకుడు. చదువు ముగిసిన పిమ్మట మాత్రము దానిని ఆర్పి, హనుమంతుని వెలిగించి చూడుడు. పగటివేళ సూదిపోట్లుగా కానవచ్చినవి ఇప్పుడు హారములై మెరయును. తోలుబొమ్మలవారు రాత్రివేళలనే ఏల ఆడెడివారో మీకు అప్పుడు ఎవరును చెప్పనక్కరలేదు.