ఏ పార్టీకీ చెందని కొత్త ఓటరుకు

అమెరికా అధ్యక్ష ఎన్నిక దగ్గర పడేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "ఈసారి ఇండియన్స్‌కి ఎవరైతే మంచిది?" విప్పి చూస్తే అందులో ఉండేది హెచ్-1బి, గ్రీన్‌కార్డు. తమాషా ఏమిటంటే, ఓటు చేతికొచ్చేసరికి ఆ రెండూ మనం దాటొచ్చిన గట్లే. గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా 5 ఏళ్ళకు, అమెరికా పౌరుల్ని పెళ్ళాడితే 3 ఏళ్ళకు పౌరసత్వానికి దరఖాస్తు. ఆ తర్వాతే ఓటు. అయినా బ్యాలట్ ముందు నిలబడ్డప్పుడు ఇంకా వీసా క్యూలో ఉన్న మనిషిలాగే ఆలోచిస్తాం. ఇండిపెండెంటుగా ఓటెయ్యదలచుకున్నవాళ్ళు ముందు వదిలించుకోవలసింది ఆ అలవాటునే.

ఇంకా పౌరసత్వం రానివాళ్ళకు ఒక్క మాట. డ్రైవర్ లైసెన్సు ఆఫీసులో ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు. 1993 నాటి చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో ఇది మామూలే. గ్రీన్‌కార్డు మీదున్నవాళ్ళు హడావిడిలో అక్కడ టిక్కు పెట్టకూడదు. పౌరులం కాకుండానే అవునని చెప్పుకోవడం, అధ్యక్ష ఎన్నికలో ఓటెయ్యడం దేశం నుంచి పంపించెయ్యదగ్గ నేరాలు. చందాల విషయంలోనూ జాగ్రత్త. ఫండ్‌రైజింగ్ డిన్నర్‌కు మిత్రుడు పిలిచాడని హెచ్-1బి మీదున్నవాళ్ళు అభ్యర్థికి చెక్కు రాయకూడదు, గ్రీన్‌కార్డు ఉంటే రాయొచ్చు. జీతం లేకుండా ప్రచారంలో సాయం చెయ్యడానికి మాత్రం వీసా అడ్డు కాదు.

పౌరసత్వం వచ్చినవాళ్ళు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులోనూ, లైసెన్సు ఆఫీసులోనూ తమ రికార్డు మార్పించుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2019లో టెక్సాస్ రాష్ట్రం పాత లైసెన్సు రికార్డులు పట్టుకుని, పౌరులు కారేమోనన్న అనుమానంతో సుమారు 95 వేలమంది ఓటర్ల జాబితా తయారుచేసింది. లైసెన్సు తీసుకున్న తర్వాత పౌరసత్వం పొందినవాళ్ళు అందులో వేలల్లో ఉన్నారు. వ్యవహారం కోర్టుకెక్కాక రాష్ట్రం వెనక్కి తగ్గింది.

ఇక రిజిస్ట్రేషన్ ఫారంలో పార్టీ గడి. గాలప్ సర్వేల్లో తాము ఇండిపెండెంట్లమని చెప్పుకునేవాళ్ళు ఇటీవలి ఏళ్ళలో 40 శాతం దాటారు కాబట్టి ఏ పార్టీ రాయకపోతే ఎవరూ వింతగా చూడరు. అయితే దాని ఫలితం రాష్ట్రానికో రకం. టెక్సాస్, జార్జియాల్లో ఆ గడే ఉండదు. ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రోజున ఏ పార్టీ బ్యాలట్ కావాలో చెప్పి తీసుకోవడమే. టెక్సాస్‌లో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాది రెండో విడత ఎన్నిక రనాఫ్‌లో అవతలి పార్టీ వైపు వెళ్ళనివ్వరు. న్యూజెర్సీలో ఏ పార్టీకీ చెందనివాళ్ళు ప్రైమరీ రోజునే పార్టీ ఎంచుకోవచ్చు, కాని ఆ క్షణం నుంచి ఆ పార్టీ సభ్యులుగా నమోదైపోతారు. పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో పార్టీ రాయకపోతే అధ్యక్ష ప్రైమరీలో ఓటే లేదు. కాలిఫోర్నియాలో ఒక చిక్కుంది. అక్కడ "అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ" అని నిజంగానే ఒక పార్టీ ఉంది. జాతి వేర్పాటును సమర్థించిన జార్జ్ వాలెస్ 1968లో అధ్యక్ష పదవికి పోటీ చేసింది దాని తరఫునే. ఇండిపెండెంటు అన్న మాట చూసి ఎందరో పొరపాటున అందులో చేరిపోయారు. మీరు పెట్టవలసిన టిక్కు "నో పార్టీ ప్రిఫరెన్స్" దగ్గర. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైటు చూసుకోండి.

ప్రైమరీల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా గెలుచుకునే 538 మంది ఎలక్టర్లు. 270 వస్తే గెలుపు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయింది ఈ లెక్క వల్లే. కాలిఫోర్నియా 1988 తర్వాత రిపబ్లికన్‌ను గెలిపించలేదు, టెక్సాస్ 1976 తర్వాత డెమొక్రాట్‌ను గెలిపించలేదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్ళ నవంబరు ఓటుకూ జార్జియాలోని ఆల్ఫరెటాలో ఉన్నవాళ్ళ ఓటుకూ ఒకే బరువు ఉండదు. 2020లో జార్జియా ఫలితం తేలింది 11,779 ఓట్ల తేడాతో. అటో ఇటో ముందే తేలిపోయిన రాష్ట్రంలో ఉంటే మీ మాట నిజంగా వినబడేది ప్రైమరీలో. 22వ సవరణ ప్రకారం ట్రంప్ మళ్ళీ పోటీ చెయ్యలేరు కాబట్టి 2028లో రెండు పార్టీల్లోనూ అసలు పోటీ అక్కడే జరుగుతుంది.

ఇద్దరూ నచ్చకపోతే? మన నోటా ఇక్కడ నెవాడాలో తప్ప కనిపించదు. మూడో పార్టీ ఉంది గాని, 1992లో రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకుని ఒక్క ఎలక్టర్‌ను కూడా గెలవలేదు. నన్నడిగితే, ముందే తేలిపోయిన రాష్ట్రంలో నిరసనగా అటు వెయ్యడం అర్థమున్న పనే. జార్జియాలోనో మిషిగన్‌లోనో అయితే ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవలసిందే.

ఎంచుకునేటప్పుడు అభ్యర్థి హామీలను రెండు కుప్పలు పొయ్యండి: అధ్యక్షుడి సంతకంతో అయ్యేవి, కాంగ్రెస్ ఒప్పుకుంటే తప్ప కానివి. మనకు బాగా తెలిసిన వీసాలతోనే చూద్దాం. హెచ్-1బి ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20 వేలు; గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం. ఇవన్నీ చట్టంలో ఉన్నాయి, అధ్యక్షుడు చెరపలేడు. ఆ 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లును 2019లో ప్రతినిధుల సభ 365-65తో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తనదైన మార్పులతో మరో రూపం ఆమోదించింది. రెండూ ఒకటి కాకముందే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు పోయింది. మరోపక్క హెచ్-4 మీదున్న హెచ్-1బి వాళ్ళ భార్యల్లో, భర్తల్లో కొందరికి ఉద్యోగం చేసుకునే వీలు 2015లో ఒబామా ప్రభుత్వం నిబంధన మార్చడంతో వచ్చింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ట్రంప్ ప్రకటనతో వచ్చిపడింది. "గ్రీన్‌కార్డు క్యూ తీసేస్తాను" అనే అభ్యర్థిని నమ్మేముందు సెనేట్‌లో ఎవరి బలం ఎంతో చూడండి.

సుప్రీంకోర్టుకు జీవితకాలపు జడ్జీలను నామినేట్ చెయ్యడం, విదేశాంగం, సైన్యం, వీటో, ప్రభుత్వ ఏజెన్సీల మీద అజమాయిషీ అధ్యక్షుడి పనులు. జడ్జీల ప్రభావం ఆ అధ్యక్షుడు దిగిపోయాక కూడా దశాబ్దాలు ఉంటుంది. మన విందుల్లో దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ప్రాపర్టీ టాక్సు, పిల్లల బడి ఆయన చేతిలో లేవు. అవి అదే బ్యాలట్‌లో కింద ఉండే పేర్ల చేతిలో ఉంటాయి. అక్కడిదాకా చదివి గాని కాగితం వదలొద్దు.

"మనవాళ్ళు" అన్న లెక్క కూడా పక్కన పెట్టండి. 2024లో ఒకవైపు టికెట్‌లో ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉషా చిలుకూరి భర్త వాన్స్. ఆమె పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. మరోవైపు చెన్నైలో పుట్టిన శ్యామలా గోపాలన్ కూతురు కమలా హారిస్. బంధుత్వం చూసి ఓటెయ్యాలంటే ఎటు వెయ్యాలి? అల్లుడికా, అమ్మాయికా?

ప్రకటనలు, డిబేట్లు మొదలవకముందే మీకు ముఖ్యమైన 3 విషయాలు కాగితం మీద వరసలో రాసుకోండి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల వైద్యం కావచ్చు, వ్యాపారం కావచ్చు, తుపాకులు కావచ్చు. తర్వాత అభ్యర్థి గతం చూడండి. గవర్నరుగా చేస్తే ఏ బిల్లుల మీద సంతకం పెట్టారు, వేటిని వీటో చేశారు. సెనేటరైతే ఎటు ఓటేశారు. కాంగ్రెస్ వెబ్‌సైటులో ఆ ఓట్లన్నీ ఉంటాయి, ఫార్వర్డు మెసేజీల అవసరం లేదు. ఇంట్లో 18 నిండిన పిల్లలుంటే వాళ్ళతో వాదించండి గాని, ఇంటి ఓట్లన్నీ ఒకరికేనని తీర్మానించకండి. వాళ్ళు ఇక్కడి బడిలో చదువుకున్నారు, వాళ్ళ వరస వేరేగా ఉంటుంది.

టెక్సాస్‌లో పోలింగ్ గదిలో ఫోను తియ్యనివ్వరు, సెల్ఫీ బయటికొచ్చాక తీసుకోండి. తర్వాతి అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7, మంగళవారం. ఆ రోజు దేశమంతటా సెలవు ఉండదు. మీ రాష్ట్రంలో ముందస్తు ఓటింగ్ ఉంటే ఆ రోజుల్లోనే వేసెయ్యండి. టెక్సాస్‌లాంటి చోట ఎన్నికకు 30 రోజుల ముందే రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది కాబట్టి ఆ ఫారం పని ఇప్పుడే ముగించండి.